యూరియా చల్లిన వరిగడ్డి: 21 రోజులు మాగాకే మేపాలి

ప్రశ్న: మాకు రెండు ముర్రా బర్రెలున్నాయి. యాసంగి కోతల తర్వాత బేలర్‌తో కట్టించిన వరిగడ్డే మేత. ఒక్కోటి రోజుకు 6 లీటర్లిచ్చేది, ఇప్పుడు మూడున్నరకు దిగింది. గడ్డిలో బలం లేదు, యూరియా కలిపి వేయమని ఎరువుల దుకాణంలో చెప్పిన్రు. బకెట్ నీళ్లల్ల దోసెడు యూరియా కలిపి, గడ్డి మీద చల్లి వేసినం. అరగంటకే ఒక బర్రెకు నోట్లకెళ్లి నురగ, వణుకు, కడుపుబ్బరం. గాలికుంటు అనుకొని సూది వేయించినం. సాయంత్రానికి తేరుకుంది. మళ్లీ గాలికుంటు రాకుండా ఏం చేయాలె? యూరియాకు బదులు నానో యూరియా సీసా చల్లమంటున్నరు, చల్లొచ్చా?
– ఒక రైతు, నర్సంపేట మండలం

జవాబు: అది గాలికుంటు కాదు. మీరు పెట్టిన యూరియాకే బర్రె విషపడింది. గాలికుంటు అయితే జ్వరం ఉంటుంది, నాలుక మీదా గిట్టల మధ్యా పుండ్లు లేస్తాయి, రోజుల తరబడి మేత ముట్టదు. పొద్దున వచ్చి సాయంత్రానికి పోయే జబ్బు కాదది. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి ఉచితంగానే వేస్తున్నారు, వేయించకపోతే వేయించండి. మీరు కొట్టించిన సూది మాత్రం దండగ.

దోసెడు అన్నారు కదా, ఆ దోసెడును ఒకసారి కాంటా మీద పెట్టి చూడండి. 200 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. యూరియా అలవాటు లేని 400 కిలోల బర్రెను విషపరచడానికి 120 నుంచి 200 గ్రాములు చాలు. రెండు బర్రెలు పంచుకుని తిన్నాయి కాబట్టి బతికిపోయాయి. ఇంకెప్పుడైనా ఇలా జరిగితే దుకాణానికి పరుగెత్తకండి, వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. పెద్ద బర్రెకు 2 నుంచి 4 లీటర్ల సిర్కా (వెనిగర్), దానితో పాటు 20 లీటర్ల దాకా చల్లని నీళ్లు కడుపులోకి పోవాలి. వణుకుతూ తూలుతున్న పశువుకు సీసాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, డాక్టరు గొట్టం వేసే పోయాలి.

అలాగని యూరియాతో గడ్డికి బలం రాదని కాదు, వస్తుంది. కాకపోతే గడ్డిని మాగబెట్టాలి. గాలి చొరకుండా కప్పి ఉంచితే యూరియా అమ్మోనియాగా మారి గడ్డి పీచును మెత్తబరుస్తుంది. పశువుకు బాగా అరుగుతుంది. 3–4 శాతం ఉండే మాంసకృత్తులు 7–8 శాతానికి చేరతాయి. దుకాణంలో మీకు సగం మాటే చెప్పారు.

100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. ఈ మూడూ తూచి, కొలిచి తీసుకోవాల్సిందే. మా దగ్గరికి వచ్చే రైతుల్లో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది గుప్పెడు, చారెడు, దోసెడు అంటారు. వడ్లు అమ్మేటప్పుడు కాంటాలో కిలో తేడా వస్తే ఊరుకోరు గదా! బేళ్లన్నీ ఒక్క బరువుండవు, రెండు మూడు తూచి సరాసరి చూసుకోండి. బేలు బేలుగా తడిపితే లోపలికి నీళ్లు దిగవు, విప్పి పరవాలి. నేల మీద టార్పాలిన్ వేసి 20 కిలోల గడ్డి పరచండి. 10 లీటర్ల నీళ్లలో 800 గ్రాముల యూరియా పూర్తిగా కరిగాక అంతటా సమంగా చల్లి, కాళ్లతో తొక్కండి. ఇలా ఐదు వరసలు. కలుపుమందు కొట్టిన స్ప్రేయర్‌తో మాత్రం చల్లొద్దు, చిల్లుల డబ్బా చాలు. పైన ఇంకో టార్పాలిన్ కప్పి, అంచుల వెంట మట్టీ పేడా మెత్తండి.

21 రోజులు ముట్టుకోవద్దు. చలికాలంలో ఇంకో వారం ఆగండి. విప్పినప్పుడు గడ్డి గోధుమ రంగులోకి తిరిగి, ముక్కు మండే ఘాటు రావాలి. ఘాటు లేకుండా బూజు వాసనొస్తే లోపలికి గాలి చొరబడిందన్నమాట, ఆ గడ్డి పెంటలో పారేయండి. వానకు తడిసి నల్లబడ్డ గడ్డిని యూరియాతో బాగుచేద్దామని కూడా చూడకండి. బూజుగడ్డి తిన్న బర్రెలకు తోక కొస, చెవుల అంచులు ఎండి ఊడిపోవడం మేం చూస్తూనే ఉంటాం.

ఏ పూటకు కావలసినంత ఆ పూట ఒక పక్క నుంచి తీసి, మళ్లీ కప్పేయండి. తీసింది నీడలో కనీసం గంటసేపు ఆరబెట్టి, ఘాటు పోయాకే వేయండి. మొదటి రోజు మామూలు గడ్డిలో కిలో కలిపి, వారం పది రోజుల్లో పెంచుకుంటూ 5–6 కిలోలకు రండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. తొట్టిలో ఎప్పుడూ నీళ్లుండాలి.

నానో యూరియా గడ్డి మీద చల్లొద్దు, అది పంట ఆకుల మీద కొట్టే మందు. 4 కిలోల యూరియాలో 1.84 కిలోల నత్రజని ఉంటుంది, సీసాలో ఉండేది గ్రాముల లెక్క. బస్తాతో పాటు సీసా అంటగట్టి, అది మిగిలిపోతే గడ్డి మీద చల్లమంటారు. పశువుకు ఏం పెట్టాలో ఎరువులమ్మే ఆయన్ని అడగడం ఇకనైనా మానండి. మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, పశువైద్య కళాశాల ఉంది. మీకు బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు.

పాలు తగ్గిన నెపమంతా గడ్డి మీదే వేశారు. మీ ఉత్తరంలో పచ్చిమేత మాటే లేదు. మాగిన గడ్డి పెట్టినా బర్రెకు రోజూ 15–20 కిలోల పచ్చిమేత పడాల్సిందే. 10 గుంటల్లో నేపియర్ గడ్డి నాటి, గట్ల మీద అవిశ వేయండి, రెండు బర్రెలకు సరిపోతుంది. వరిగడ్డిలో ఉండే ఆక్సలేట్లనే పదార్థాలు సున్నాన్ని (కాల్షియాన్ని) ఒంటికి పట్టనియ్యవు. అందుకే రోజూ దాణాలో 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు కలపండి. ఇవి కూడా తూచే. ఇంకొకటి, బర్రెలు ఈని ఎన్ని నెలలైందో మీరు రాయలేదు. ఏడెనిమిది నెలలైతే మూడున్నర లీటర్లకు దిగడం మామూలే. ఈనిన నెల, మళ్లీ చూలు కట్టిందీ లేనిదీ, రోజుకు పెట్టే దాణా ఎంతో రాసి పంపండి, పాల సంగతి అప్పుడు చూద్దాం.