వాచీ ఇంట్లో పెట్టి రా, శీనూ

చి. శీనుకి మామయ్య ఆశీస్సులు.

"పరిగెత్తేది ఏడు నిమిషాలే కదా మామయ్యా, రోజూ నలభై నిమిషాలు మెల్లగా ఉరికితే ఏమొస్తుంది?" అన్నావు. ఆ మాటే నన్ను ఈ ఉత్తరం రాయించింది.

తెలంగాణ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో, అంటే పోలీసు ఉద్యోగానికి పెట్టే శారీరక పరీక్షల్లో, 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలకి 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. అంటే మైలుకి దాదాపు పది మీటర్లు తక్కువ. 400 మీటర్ల రౌండుకి దాదాపు 109 సెకన్లు. ఒక్క రౌండయితే నువ్వు ఇవాళే కొట్టేస్తావు. మొన్న గ్రౌండులో నీ మూడో రౌండు చూశాను. భుజాలు చెవుల దాకా లేచాయి, పిడికిళ్లు బిగుసుకున్నాయి, అడుగు ఈడ్చుకుంటూ పడింది. నీ కాళ్లలో వేగముందిరా, దమ్మే చాలట్లేదు. మైలు పరుగుకి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం మనం పీల్చే గాలి మీదే నడుస్తుంది. ఆ దమ్ము వారాల తరబడి మెల్లగా పరిగెత్తితేనే పెరుగుతుంది.

న్యూజిలాండ్ పీటర్ స్నెల్ 800 మీటర్ల వీరుడు. అయినా అతని కోచ్ ఆర్థర్ లిడియార్డ్ వారానికి 160 కిలోమీటర్ల దాకా పరిగెత్తించేవాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్ స్వర్ణం, 1962లో 3 నిమిషాల 54.4 సెకన్లలో మైలు ప్రపంచ రికార్డు ఆ పునాది మీద వచ్చినవే. నీకు అంత అక్కర్లేదు, వారానికి 25 కిలోమీటర్లు చాలు.

ఈవెంట్స్ మూడు వారాల్లో ఉంటే ఇదంతా చెప్పేవాణ్ని కాదు. నీకు మూడు నెలలుంది. మొదటి ఏడెనిమిది వారాలు పక్కవాడితో కబుర్లు చెప్పగలిగే వేగంతోనే వెళ్లు. మాట తెగిందంటే తగ్గించు. వారానికొకసారి చివర్లో నాలుగైదు వంద మీటర్లు హుషారుగా లాగు, కాళ్లు మొద్దుబారవు. ఆ తర్వాత వారానికి రెండు రోజులు, 400 మీటర్లు 104 సెకన్లలో, ఆరుసార్లు. మధ్యలో రెండు నిమిషాలు నడక.

నీ వయసులో నాకు ఇది చెప్పినవాళ్లు లేరు. రోజూ వాచీ పట్టుకుని ప్రాణం పెట్టి ఉరికాను. రెండో నెలకి మోకాలి కింద ముందు ఎముక మీద వేలు పెడితే కళ్లనీళ్లు వచ్చేవి. సెలెక్షన్ రోజు గ్రౌండు బయట కూర్చుని మిగతావాళ్ల విజిళ్లు విన్నాను. నీ ఎముక అక్కడ నొప్పి పెడితే దాచకు, ఆ రోజు ఆపెయ్.

ఆదివారం పొద్దున ఐదున్నరకి చెరువు కట్ట మీదకి రా. మట్టి దారి, కాళ్లకి మెత్తగా ఉంటుంది. నేను సైకిల్ మీద పక్కనే వస్తాను, దారంతా మాట్లాడిస్తాను.

ఇట్లు,
మామయ్య