ఏడేళ్ల పిల్లాడు రోజూ అబద్ధాలు చెబుతుంటే ఏం చేయాలి?

హోంవర్క్ గురించి, టిఫిన్ బాక్స్ గురించి బాబు రోజూ అబద్ధాలు చెబుతున్నాడని, ఈమధ్య చెల్లిని కొడుతున్నాడని, ఇలాగే పెరిగితే దారి తప్పుతాడేమోనని అడిగారు. ఇంట్లో పెద్దవాళ్లు "మొక్కై వంగనిది మానై వంగునా" అంటున్నారని కూడా రాశారు. మూడేళ్ల కిందట మా వాడి గురించి మా అత్తయ్యగారు అన్నదీ ఈ మాటే.

మా వాడిది వాటర్ బాటిల్ అబద్ధం. అప్పుడు రెండో తరగతి. రోజూ ఖాళీ బాటిల్ తెచ్చి "మొత్తం తాగేశానమ్మా" అనేవాడు. ఇంటికొచ్చాక మాత్రం చిరాకు, అరుపులు, తమ్ముడి చేతిలో ఏదుంటే అది లాక్కోవడం. ఒకరోజు కాస్త ముందే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. వాడు మూత తీసి, నీళ్లన్నీ చెట్టు మొదట్లో ఒంపేశాడు. దారిలో "నీళ్లు తాగావా?" అంటే నా కళ్లలోకి చూస్తూ "మొత్తం" అన్నాడు. ఇల్లు చేరగానే ఒక్కటి పీకాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

వారం తర్వాత ఒంటేలు పోసేటప్పుడు మంట అని ఏడ్చాడు. యూరిన్ ఇన్ఫెక్షన్. "స్కూల్లో బాత్రూంకి వెళ్తున్నావా నాన్నా?" అని డాక్టర్ గారు అడిగితే అప్పుడు బయటపడింది. ఆ బాత్రూం తలుపుకి గడియ లేదు. పెద్ద పిల్లలు తోసుకొచ్చి నవ్వేవాళ్లట. వెళ్లాల్సిన పని పడకూడదని నీళ్లే మానేశాడు. తాగలేదంటే నేను తిడతానని ఒంపేసేవాడు. పొద్దున్నుంచి బిగబట్టుకుని వచ్చి సాయంత్రం తమ్ముడి మీద విరుచుకుపడేవాడు. ఆ గడియ పెట్టించడానికి నేను రెండు నెలలు తిరిగాను.

నాకైనా ముందే తట్టాల్సింది. మా నాన్న బెల్టు తీసే మనిషి. ఆరో తరగతికల్లా ప్రోగ్రెస్ కార్డు మీద అచ్చం ఆయనలాగే సంతకం పెట్టేదాన్ని. దెబ్బ పడిన ప్రతిసారీ ఇంకాస్త జాగ్రత్తగా అబద్ధం చెప్పడం వచ్చింది. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే పరిశోధకులు 2011లో పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల గురించి ఇదే రాశారు. ఒక బడిలో పిల్లల్ని కొట్టేవారు, రెండోదానిలో కొట్టేవారు కాదు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు బొమ్మ వైపు తొంగి చూడొద్దని చెప్పి బయటికి వెళ్లేవారు. రెండు బడుల్లోనూ ఎక్కువమంది చూశారు. అయితే కొట్టే బడి పిల్లలే ఎక్కువగా "చూడలేదు" అన్నారు, తర్వాతి ప్రశ్నలకు కూడా తడబడకుండా బొంకారు. 2014లో కాంగ్ లీ బృందం మన "నాన్నా పులి" లాంటి కథను కూడా పరీక్షించింది. అబద్ధానికి శిక్ష పడే ఆ కథ విన్నాక పిల్లల అబద్ధాలేమీ తగ్గలేదు. నిజం చెప్పిన పిల్లవాణ్ణి తండ్రి మెచ్చుకునే కథ విన్నాక తగ్గాయి.

అలాగని తేలిగ్గా వదిలేయమనను. ఈ వయసులో ఒక్క అబద్ధాలే ఉంటే అంత టెన్షన్ అక్కర్లేదు. వాటితోపాటు దొంగతనాలు, జంతువుల్ని హింసించడం, కావాలని వస్తువులు పగలగొట్టడం, పిల్లల్ని బెదిరించడం లాంటివి నెలల తరబడి కనిపిస్తుంటే మాత్రం పిల్లల సైకాలజిస్టుకు చూపించండి. కాండక్ట్ డిజార్డర్‌కు (పిల్లల్లో వచ్చే తీవ్రమైన ప్రవర్తన సమస్యకు) డాక్టర్లు చూసే లక్షణాల్లో అబద్ధం ఒకటి మాత్రమే, ఏడాది కాలంలో కనీసం మూడు ఉన్నాయా అని చూస్తారు. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఈలోగా ఒకటి చేయండి. జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్న వాణ్ణి అడగకండి. బాక్స్ తెరిచి చూశాక కూడా "తిన్నావా?" అంటే మనమే అబద్ధానికి దారి చూపినట్టు. "ఇడ్లీ మిగిలింది, ఏమైంది నాన్నా?" అనండి. మా వాడు ఇలా అడిగితే నోరు విప్పడానికి నెల పట్టింది. భోజనానికి ఎక్కడ కూర్చుంటాడో, పక్కన ఎవరుంటారో కూడా మెల్లగా అడిగి చూడండి.