గింప్‌లో విండోలు అదుపులో ఉండాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

బొమ్మలు దిద్దే ప్రోగ్రామైన గింప్‌లో కీ నొక్కితే అది వేరే విండోకు వెళ్తోందని, డైలాగులు (పనిముట్లు, సెట్టింగులు ఉండే చిన్న విండోలు) బొమ్మ వెనుక దాక్కుంటున్నాయని రాశావు. తెరపై ఎన్ని విండోలున్నా, ఒక్కో సమయంలో కీబోర్డు మాట వినేది వాటిలో ఒక్కటే. ఆ స్థితినే ఫోకస్ అంటారు. బ్రష్ సైజు పెట్టెలో అంకె వేసిన తరువాత ఫోకస్ అక్కడే నిలిచిపోతుంది కనుక, ఆపైన బ్రష్ కోసం నీవు నొక్కిన పి అక్షరం కాన్వాస్‌కు, అంటే బొమ్మ ఉన్న చోటుకు, చేరదు. అటువంటప్పుడు చాలామంది బొమ్మ మీద క్లిక్ చేస్తారు. చేతిలో బ్రష్ ఉంటే అక్కడొక మచ్చ పడుతుంది. దానికన్నా ఎస్కేప్ నొక్కడం మేలు, ఫోకస్ డాక్ (డైలాగులను ఒకచోట చేర్చిన పలక) నుంచి బొమ్మకు తిరిగి వస్తుంది. అయితే లేయర్ (బొమ్మలోని పొర) పేరు మారుస్తున్నప్పుడు మాత్రం ముందు ఎంటర్ నొక్కాలి, లేకపోతే రాసిన పేరు పోతుంది.

2012లో వచ్చిన 2.8 వెర్షన్‌తో గింప్‌కు సింగిల్ విండో మోడ్, అంటే బొమ్మ, డాక్‌లు అన్నీ ఒకే విండోలో ఉండే పద్ధతి, వచ్చింది. 2018 నాటి 2.10 నుంచి అది మొదటినుంచే ఆన్ చేసి ఉంటుంది. ఒకే మానిటర్ ఉన్నవారు దానిని వదలకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రెండు మానిటర్లు ఉండి, బొమ్మను ఒకదానిలో, డాక్‌లను మరొకదానిలో పెట్టుకోదలిస్తే గింప్‌లోని విండోస్ అనే మెనూలో ఆ మోడ్‌ను తీసివేయవచ్చు.

అలా విడదీసినప్పుడే అసలు చిక్కులు మొదలవుతాయి. ప్రిఫరెన్సెస్‌లోని విండో మేనేజ్‌మెంట్ పేజీలో టూల్‌బాక్స్‌కు, మిగిలిన డాక్‌లకు కలిపి ఒక హింట్ (ఆ విండోలను ఎలా చూపాలో డెస్క్‌టాప్‌కు ఇచ్చే సూచన) ఎంచుకోవచ్చు. యుటిలిటీ విండో అని పెడితే, బొమ్మ విండోను ముందుకు తెచ్చినప్పుడల్లా డాక్ కూడా దాని మీదికి వస్తుంది. కీప్ అబవ్ అంటే ఇతర ప్రోగ్రాముల విండోలను కూడా కప్పేస్తుంది కాబట్టి దానిని నేను సిఫార్సు చేయను. ఏది మార్చినా, గింప్‌ను మూసి మళ్ళీ తెరిచేవరకు ఫలితం కనిపించదు.

మౌస్ ఏ విండో మీదికి వెళ్తే దానికే ఫోకస్ వచ్చేలా నీ డెస్క్‌టాప్‌ను అమర్చుకుని ఉంటే మరొక ఇబ్బంది ఉంది. రెండు బొమ్మలు తెరిచి, ఒకదాని లేయర్ల కోసం డాక్ వైపు వెళ్తుండగా పాయింటర్ రెండో బొమ్మ మీదుగా సాగితే, యాక్టివ్ బొమ్మ మారిపోతుంది, దానితోపాటు లేయర్ల జాబితా కూడా మారుతుంది. ఆ పేజీలోనే ఉన్న యాక్టివేట్ ద ఫోకస్డ్ ఇమేజ్ టిక్ తీసివేస్తే ఈ బాధ తగ్గుతుంది.

ట్యాబ్ కీ డాక్‌లన్నిటినీ దాచేస్తుందని తెలియక కంగారుపడేవారు చాలామంది. మళ్ళీ నొక్కితే అవి తిరిగి వస్తాయి. అమరిక నచ్చిన రోజున ఆ విండో మేనేజ్‌మెంట్ పేజీలోనే ఉన్న సేవ్ విండో పొజిషన్స్ నౌ బటన్ నొక్కి, మూసేటప్పుడు స్థానాలు దానంతటదే దాచుకునే టిక్‌ను తీసివేయి. అప్పుడు పనిలో పడి చిందరవందర చేసుకున్న విండోలు మరునాడు అలాగే ఎదురుకావు. ఎక్కడైనా డైలాగ్ తెర అంచు దాటి కనిపించకుండా పోతే, అక్కడే ఉన్న రీసెట్ బటన్ నొక్కి గింప్‌ను మళ్ళీ తెరువు.