మామయ్య పేరు పెట్టేముందు

అమ్మలూ,

ప్రాణహిత లోయలో, కోటా సున్నపురాళ్ళలో నీకు దొరికిన జురాసిక్ కాలపు పురుగు రెక్క శిలాజాన్ని కొత్త జాతిగా ప్రకటిస్తున్నావని, దానికి నా పేరు పెడతానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొద్దున్నే వాకింగ్‌లో కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాను. రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

రాయి మీద ఆల్కహాల్ చుక్క వేస్తే ఈనెలు తేలతాయి. లైటు బాగా వాల్చి పక్కనుంచి పెట్టు. ఆ రాళ్ళలో ఎస్థీరియా (రొయ్యల తరహా చిన్న నీటి ప్రాణులు) చిప్పలూ ఉంటాయి, నలిగితే పురుగు పెంకులా భ్రమపెడతాయి. ఇవన్నీ నీకు తెలిసినవే. రాయి చీలితే అచ్చు రెండు ముక్కల మీదా ఉంటుంది కదా, ఆ రాయి రెండో సగం ఎక్కడుంది? ముందు అది చెప్పు.

నీ వయసులో నాకూ ఒక రెక్క దొరికింది, చిటికెన వేలి గోరంత. ఈనె చీలాల్సిన చోటే రాయి పెచ్చు ఊడిపోయింది. ఇక్కడ చీలి ఉంటుందిలే అనుకుని చుక్కల గీత గీశాను. ఫెయిర్ కాపీకి ఇంకు దిద్దుతుంటే చుక్కలు కలిసిపోయాయి. అప్పటికి రాత్రి రెండయింది, పట్టించుకోలేదు. రెండు నెలలయ్యేసరికి ఆ గీతని కళ్ళారా చూశాననే నమ్మాను. ఆ ఒక్క చీలికని పట్టుకుని కొత్త ప్రజాతి, కొత్త జాతి! మీ అమ్మమ్మ పేరు పెట్టాను. అచ్చయిన కాయితం చూపిస్తే, “పురుక్కా నా పేరు?” అని నవ్వి, దేవుడి గూట్లో పెట్టుకుంది.

కొన్నేళ్ళకి రెండో సగం వేరే సొరుగులో బయటపడింది. అందులో చీలిక లేదు. నేను ఈనె అనుకున్నదాంట్లో సగం రాతి పగులు. ఒకాయన మర్యాదగానే రాశాడు. కానీ ఒకసారి నియమాల ప్రకారం అచ్చయిన పేరు చెరిగిపోదమ్మా. మా అమ్మ పేరు ఇప్పటికీ జాబితాలో ‘సందేహాస్పద నామం’ అన్న ముద్రతో ఉంది. ఆవిడకి చివరిదాకా చెప్పలేదు.

పెద్ద పత్రికలకీ ఈ బాధ తప్పలేదు. బెల్జియంలో దొరికిన స్ట్రుడియెల్లా అనే శిలాజాన్ని 2012లో డెవోనియన్ కాలపు (జురాసిక్ కన్నా చాలా పాత) కీటకమని ‘నేచర్’లో వేశారు. మరుసటి ఏడు అదే పత్రికలో ఇంకొందరు, ఇంత పాడైన శిలాజంతో కీటకమని చెప్పలేం అన్నారు.

థీసిస్ గడువని టెన్షన్ పడుతున్నావట. పడితే పడ్డావు గానీ, ఆ పురుగు ఏ కుటుంబానిదో (ఫ్యామిలీ) అంతవరకే తేలితే అక్కడే ఆగు. జాతి పేరు లేకుండా వర్ణన, బొమ్మ వేస్తే ఎవరూ నవ్వరు. నవ్వితే నా దగ్గరికి పంపు, నేను మాట్లాడతా.

బొమ్మ పంపించు, చుక్కలు చుక్కలుగానే ఉంచి. కళ్ళజోడు మార్పించుకున్నాను, బాగానే కనిపిస్తోంది. నా పేరు సంగతి రెండో సగం దొరికాక చూద్దాం. దసరాకి వచ్చేటప్పుడు రాయి మాత్రం తేకు, బస్సులో విరుగుతుంది.

మీ మామయ్య