వైమార్ సాహిత్యం చదవబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

వైమార్ క్లాసిసిజం, అంటే పద్దెనిమిదో శతాబ్దం చివర జర్మనీలోని వైమార్‌లో గోథే, షిల్లర్ లాంటి రచయితలు నడిపిన సాహిత్య ధోరణి, పేపర్‌గా తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. టెన్షన్ పడకు. ముందుగా ఒకటి చెప్తాను: గోథే నాటకం ‘ఫౌస్ట్’ జోలికి అప్పుడే పోకు. గోథే దాన్ని దాదాపు జీవితమంతా రాస్తూనే ఉన్నాడు, అందులో అన్ని కాలాల గోథేలూ ఉన్నారు. కొత్తవాళ్ళకి తలతిరిగిపోతుంది.

ఆయనదే ‘ఇఫిగేనియా’తో మొదలుపెట్టు. 1779లో వచనంలో రాసిన నాటకాన్ని, 1786లో ఇటలీ వెళ్ళాక ఛందస్సులో తిరగరాశాడు. పరాయి రాజ్యంలో పూజారిణిగా ఉన్న ఇఫిగేనియా తమ్ముణ్ణి బలి నుంచి తప్పించాలి. రాజు కళ్ళుగప్పి పారిపోయే ఏర్పాటూ ఉంది. ఇదే కథతో ప్రాచీన గ్రీకు నాటకకర్త యురిపిడిస్ రాసిన నాటకంలో వాళ్ళు అలాగే పారిపోతారు, ఆపద వస్తే ఎథీనా దేవత దిగివస్తుంది. గోథే దేవతను దించడు. ఇఫిగేనియా రాజుకు నిజం చెప్పేస్తుంది. ఆయన ముభావంగా “అయితే పోండి” అంటాడు. ఆమె కదలదు. మనసారా వీడ్కోలు చెప్పమని బతిమాలి, చెప్పించుకునే వెళ్తుంది. ఆ చివరి పేజీ జర్మన్‌లోనే, పైకి చదువు.

తర్వాత గోథే, షిల్లర్‌ల ఉత్తరాలు పట్టుకో. 1794 జులైలో వైమార్ దగ్గరి యేనా ఊళ్ళో ఒక సైన్స్ సంఘం సమావేశం అయ్యాక ఇద్దరూ మాటల్లో పడ్డారు. గోథే ఆదిమ మొక్క (మొక్కలన్నిటికీ మూలరూపం అని ఆయన అనుకున్నది) బొమ్మ గీసి చూపిస్తే షిల్లర్ “ఇది అనుభవం కాదు, భావన” అనేశాడు. గోథేకి ఒళ్ళు మండింది. అయినా స్నేహం అక్కడే మొదలైంది! 1805లో షిల్లర్ 45 ఏళ్ళకే పోయేదాకా దాదాపు వెయ్యి ఉత్తరాలు నడిచాయి. 1794 ఆగస్టు 23న షిల్లర్ రాసింది తప్పకుండా చదువు. గోథే బుర్ర ఎలా పనిచేస్తుందో గోథేకే వివరిస్తాడు, ఎంత ధైర్యమో చూడు.

అందం, కళ మనిషిని ఎలా తీర్చిదిద్దుతాయో చెప్పే షిల్లర్ సౌందర్య లేఖలు (1795) కొరుకుడు పడవు. మొత్తం 27లో మొదటి తొమ్మిదీ చాలు. వాటికి ముందు ఫ్రెంచి విప్లవం 1789 నుంచి 1794 దాకా ఎలా నడిచిందో ఒకసారి చూసుకో. రక్తపాతం చూశాక, మనిషి లోపల మారకుండా రాజ్యం మారుతుందా అని ఆయన అడుగుతున్నాడు. ఆ సంగతి తెలియకపోతే అంతా గాలి కబుర్లలా ఉంటుంది.

రచయితలు హెర్డర్, వీలాండ్ కూడా వైమార్ వాళ్ళే, మీ సిలబస్ వాళ్ళను పక్కన పెట్టినా నువ్వు పెట్టకు. విమర్శ గ్రంథాలు మాత్రం మూలాలు చదివాకే తెరువు.

ఇఫిగేనియా అయ్యాక ఫోన్ చెయ్యి.

మామయ్య