తింటోంది కదా అని ఊరుకోకు

స్వాతీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. బ్రూనో నోరు బాగా కంపు కొడుతోంది పెద్దమ్మా, కుక్కలకి మామూలేగా అన్నావు. మామూలు కాదమ్మా. పక్కన కూర్చోలేనంత కంపు వస్తోందంటే చాలాసార్లు చిగుళ్లలో జబ్బు మొదలైందనే అర్థం. తిండి మాత్రం బానే తింటోంది అని కూడా అన్నావు చూడు, ఆ మాటకే ఇంత ఉత్తరం రాస్తున్నా. కుక్కలూ పిల్లులూ పన్ను సలుపుతున్నా తింటాయే, ఒక పక్కతోనే నమిలేస్తాయి లేదంటే నమలకుండానే మింగేస్తాయి, తిండి మానేసే దాకా వచ్చిందంటే లోపల ఎప్పట్నుంచో ముదిరిపోయి ఉంటుంది.

ఇవాళ సాయంత్రం లోపే వాడిని కిటికీ వెలుతుర్లో కూర్చోబెట్టి పై పెదవి పక్కకి ఎత్తి చూడు, నోరు తెరవక్కర్లేదు. ముందు పళ్లు తెల్లగానే ఉంటాయి, వాటిని చూసి సరిపెట్టుకోకు, వెనకాల పై దవడలో అన్నిటికన్నా పెద్ద పన్ను ఒకటుంటుంది, గార ముందు పట్టేది ఎక్కువగా అక్కడే. చిగురు గులాబీ రంగులో ఉంటే మంచిదే, పన్ను మొదట్లో ఎర్రటి గీతలా ఉన్నా తాకితే రక్తం వచ్చినా డాక్టర్‌కి చూపించాల్సిందే. కొన్ని కుక్కలకి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయిలే, దానికి కంగారు పడకు.

మా వీధి చివర వాళ్ల పొమేరియన్‌కి కంటి కింద బుడిపె లేచింది. ఏదో పురుగు కుట్టిందనుకుని వాళ్లు పసుపు రాశారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వాచి చీము కారింది. తీరా చూస్తే ఆ పెద్ద పన్ను విరిగి వేరు దాకా చీము పట్టింది, ఆ వేర్లు సరిగ్గా కంటి కిందకే ఉంటాయి మరి. పన్ను తీసేశాక వాపు పోయింది. అన్నాళ్లూ అది అన్నం తింటూనే ఉంది స్వాతీ, నాకు ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

చిగుళ్లు బాగుంటే రేపట్నుంచే బ్రష్ అలవాటు చెయ్యి. ఎర్రగా ఉంటే మాత్రం ముందు వైద్యం, తర్వాతే బ్రష్, నొప్పి మీద రుద్దితే వాడికి బ్రష్ అంటేనే భయం పట్టుకుంటుంది. తొందరపడకు, మొదట కొన్నాళ్లు పెదవి ఎత్తి వేలితో పళ్లు తాకి వదిలెయ్, తర్వాత పెట్ షాపులో దొరికే చికెన్ ఫ్లేవర్ పేస్టు వేలి మీద పెట్టి నాకించు, దాని కోసం వాడే దగ్గరికి రావడం మొదలెట్టాక అప్పుడు మెత్తటి బ్రష్ తియ్యి. బ్రష్ కాస్త ఏటవాలుగా చిగురూ పన్నూ కలిసే చోట పెట్టి మెల్లగా తిప్పు, పళ్ల బయటి వైపు చేస్తే చాలు, లోపలి వైపు కొంత నాలుకే చూసుకుంటుంది. రోజూ చెయ్యాలి, ఎందుకంటే పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది, గార అయ్యాక నువ్వెంత తోమినా రాదు.

మన పేస్టు మాత్రం వద్దే వద్దు. వాటికి ఉమ్మెయ్యడం రాదు, మింగేస్తాయి, కొన్ని పేస్టుల్లో తీపి కోసం వేసే జైలిటాల్ ఉంటుంది, అది కుక్క ఒంట్లో షుగర్ ఒక్కసారిగా పడగొట్టేస్తుంది, లివర్ కూడా పాడవ్వచ్చు. పంటి నొప్పికి మనం పెట్టుకునే లవంగ నూనె పిల్లులకి పడదు, పారాసిటమాల్ అయితే పిల్లి ప్రాణమే తీస్తుంది. ఆదివారం మాంసం తెచ్చుకున్నప్పుడు ఎముకలు వెయ్యడం కూడా మానేయమని అమ్మకి చెప్పు, ఎముక కొరికితే పళ్లు శుభ్రపడతాయని అంటుంది కానీ ఆ పెద్ద పళ్లు విరిగేది వాటివల్లే, ఉడికిన కోడి ఎముకలైతే చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి. నమలడానికి ఏదన్నా కొంటే గోరు గుచ్చితే నొక్కు పడేంత మెత్తగా ఉందో లేదో చూడు.

ఇక మీ చిట్టి. పిల్లి దగ్గర బలవంతం పనికిరాదు, నిద్రమత్తులో ఒళ్లో ఉన్నప్పుడు వేలికి గుడ్డ చుట్టుకుని పేస్టు రాసి రెండు పక్కలా అట్టా తుడువు చాలు. పిల్లులకి ఇంకో జబ్బుంది, పన్ను దానంతటదే చిగురు దగ్గర కరిగిపోతూ ఉంటుంది, బ్రష్‌తో తగ్గదు, మామూలుగా ఆ పన్ను తీయించాల్సిందే. చొంగ కారుస్తున్నా, తినబోయి గబుక్కున వెనక్కి జరుగుతున్నా వెంటనే చూపించు. పళ్లు తీసేస్తే ఎట్టా తింటుందని బెంగ పడకు, నొప్పి పోయిన పిల్లి మెత్తటి తిండి హాయిగా తినేస్తుంది. కానీ ఒక రోజంతా ఏమీ ముట్టుకోలేదంటే మాత్రం ఆగకు, పిల్లి పస్తుంటే లివర్ దెబ్బతింటుంది.

స్కేలింగ్ అంటే, అదే డాక్టర్ దగ్గర గార గీకించడం అంటే, మత్తు ఇస్తారని భయపడుతున్నావు. ఆ భయం నాకు తెలుసు, కానీ మత్తు లేకుండా గీకించడం నాకు అస్సలు ఇష్టం లేదు. గ్రూమింగ్‌కి తీసుకెళ్తే పైపైన గీకేసి పళ్లు తెల్లగా చేసి పంపిస్తారు, జబ్బు ఉండేదేమో చిగురు కింద, అక్కడిదాకా మెలకువగా ఉన్న కుక్క ఎవర్నీ రానివ్వదు. మత్తుకి ముందు రక్త పరీక్ష చేయమను, ఎన్ని గంటలు తిండి ఆపాలో అడుగు, పళ్లకి ఎక్స్‌రే తీస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కో. పటమట నుంచి గన్నవరం ఎంతో దూరం కాదు, అక్కడ ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఉంది, మీ డాక్టర్ దగ్గర కుదరకపోతే అక్కడ అడుగు.

ముందైతే ఆ వెనక పన్ను ఫొటో రెండు వైపులా తీసి నాకు పంపు, ఫ్లాష్ వెయ్యకు, వాడు బెదురుతాడు.

మీ పెద్దమ్మ,
బ్రాడీపేట, గుంటూరు