నీ ఇంగ్లిష్‌లో తప్పులు తెలుగు నుంచే వస్తున్నాయి

చి. చిన్నాకి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కాలేజీలో అన్నీ ఇంగ్లిష్‌లోనే చెబుతున్నారనీ, వింటే అర్థమవుతోంది కానీ నోరు తెరవాలంటే టెన్షన్‌గా ఉందనీ రాశావు. నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు పిల్లలకి ఇంగ్లిష్ చెప్పాను. అన్నేళ్లూ తప్పులు దిద్దితే నాకు తెలిసిందేమిటంటే, మనవాళ్లు చేసే తప్పులు ఎక్కడపడితే అక్కడ పుట్టవు. మన తెలుగు లోపల్నుంచి చెయ్యి పట్టుకుని లాగే చోటే జారతాం. అలాంటి చోట్లు ఓ పది ఉంటాయేమో, అంతే.

ముందు నా సంగతి ఒకటి చెబుతాను. మొట్టమొదటి ఉద్యోగం ఇంటర్వ్యూ. సర్టిఫికెట్ల కాపీలు పట్టుకెళ్లాను, ఒరిజినల్స్ ఇంట్లోనే ఉండిపోయాయి. బల్ల అవతల కూర్చున్న ఆయన "హావంట్ యు బ్రాట్ ది ఒరిజినల్స్?" అని అడిగారు. నేను వినయంగా "యెస్ సర్" అన్నాను. ఆయన చెయ్యి చాపారు. నేను ఆ చెయ్యి వంక చూస్తూ కూర్చున్నాను. ఆయన ఇంకొంచెం చాపారు. నా మనసులో ఉన్నది "అవునండీ, తేలేదు" అని. తెలుగులో ఎదుటివాళ్లు అన్నమాట నిజమైతే అవును అంటాం. ఇంగ్లిష్‌లో లెక్క వేరు. తెస్తే యెస్, తేకపోతే నో. ప్రశ్న ఎటు తిప్పి అడిగినా సరే, "నో సర్, ఐ హావంట్" అనాలి. ఆ ఉద్యోగం రాలేదు. దానికి ఇదొక్కటే కారణం కాదనుకో, కానీ ఆ చాపిన చెయ్యి మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఇక నువ్వు రాసి పంపిన పేజీ. మొదటి వాక్యం "మై ఫాదర్ వెరీ స్ట్రిక్ట్." మా నాన్న చాలా స్ట్రిక్ట్ అనడానికి తెలుగులో క్రియ అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో క్రియ లేనిదే వాక్యం నిలబడదు, అందుకే అక్కడ "ఈజ్" రావాలి. మొదటి వారం అంతా యామ్, ఈజ్, ఆర్ ఒక్కటే చూసుకో. రాసిన ప్రతి వాక్యంలో క్రియ ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. దొరకలేదంటే తప్పు అక్కడే.

రెండోది "నాకు." నాకు తెలుసు, నాకు ఆకలేస్తోంది, నాకు నచ్చింది, నాకు జ్వరం వచ్చింది, నాకు ఇద్దరక్కలు ఉన్నారు. తెలుగులో ఆకలైనా జ్వరమైనా అక్కలైనా వాటంతట అవే వచ్చి మన మీద పడతాయి. ఇంగ్లిష్‌లో మనిషే ముందుకొచ్చి నిలబడతాడు. ఐ నో, ఐ యామ్ హంగ్రీ, ఐ లైక్ ఇట్, ఐ హావ్ ఎ ఫీవర్, ఐ హావ్ టూ సిస్టర్స్. ఇందులోనే ఇంకో గుంట ఉంది. "ఐ యామ్ నోయింగ్," "ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్" అని రాశావు. తెలిసి ఉండటం, నచ్చడం, అక్కలు ఉండటం ఇప్పుడు జరుగుతున్న పనులు కావు కదా, ఉన్న స్థితులు. వాటికి "ఇంగ్" తగిలించకు.

నువ్వే కాదు, నా దగ్గర చదివిన వాళ్లలో చాలామంది "ఐ డిడ్ నాట్ వెంట్" అనే రాసేవాళ్లు. వెళ్లింది నిన్న కాబట్టి వెంట్ రాయాలి కదా టీచర్ అని వాదించేవాళ్లు. ఇది రూలు చెబితే ఎక్కదు, తెలుగు చెబితే ఎక్కుతుంది. "వెళ్లాను" అన్నదాన్ని లేదంటూ తిప్పితే ఏమవుతుంది? "వెళ్లలేదు." "వెళ్లానులేదు" అని ఎవరైనా అంటారా? జరిగిపోయిన కాలం గురించి "లేదు" చూసుకుంటుంది, "వెళ్ల" ఊరికే ఉంటుంది. అక్కడ "డిడ్ నాట్" చేసే పని అచ్చం ఇదే. కాలాన్ని అది నెత్తికెత్తుకుంది కాబట్టి పక్కన ఉత్త "గో" చాలు. ప్రశ్నలోనూ అంతే, "డిడ్ యు గో?" "షీ గోస్"లో ఉన్న ఎస్‌కీ ఇదే న్యాయం. "డజ్ షీ గో?" అన్నప్పుడు ఆ ఎస్ డజ్‌లోకి వెళ్లిపోయింది, మళ్లీ గోకి తగిలిస్తే రెండుసార్లు లెక్కేసినట్టు.

కాలాల గురించి ఒక్క మాట. పన్నెండు టెన్సుల పట్టిక గోడకి అంటించుకున్నానని రాశావు. తీసెయ్. పరీక్షకి కావాలంటే పరీక్ష ముందు చూసుకోవచ్చు. రోజువారీ మాటలకి నాలుగైదు చాలు: రోజూ చేసేది, ఇప్పుడు చేస్తున్నది, చేసేసింది, చేయబోయేది, "హావ్"తో చెప్పేది. మనకి తికమక పెట్టేది "వస్తాను" అనే మాట. "రోజూ వస్తాను," "రేపు వస్తాను" రెండింటికీ తెలుగులో ఒకటే రూపం. అందుకే నువ్వు "ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్ ఎవ్రీ డే" అని రాశావు. రోజూ జరిగేదానికి విల్ వద్దు, "ఐ గెట్ అప్" చాలు. విల్‌ని రేపటికి దాచుకో. అలాగే "నుంచి." 2023 నుంచి అంటే మొదలైన చోటు చెబుతున్నావు, అది "సిన్స్." రెండేళ్ల నుంచి అంటే ఎంతసేపన్నది చెబుతున్నావు, అది "ఫర్." రెండింటికీ ముందు "ఐ హావ్ బీన్ లర్నింగ్" అనే వస్తుంది, "ఐ యామ్ లర్నింగ్" కాదు.

ఎ, యాన్, ద గురించి బెంగ పెట్టుకోకు. తెలుగులో అలాంటివి లేవు కాబట్టి అవి ఆఖర్న వస్తాయి, చదవగా చదవగా వస్తాయి. ఎ, యాన్ తేడా మాత్రం అక్షరాన్ని బట్టి కాదు, చప్పుడును బట్టి అని గుర్తుంచుకో. అందుకే యాన్ అవర్, ఎ యూనివర్సిటీ.

ఇప్పుడు మాటల సంగతి. నాకు వ్యాకరణం కన్నా ఇదే ముఖ్యం అనిపిస్తుంది, తోటి టీచర్లు ఒప్పుకునేవాళ్లు కాదు. మన మర్యాద క్రియ చివర ఉంటుంది. "ఇవ్వు"కి "అండి" చేరిస్తే అయిపోయింది. నువ్వు "గివ్ మీ యువర్ పెన్" అన్నప్పుడు నీ మనసులో ఆ "అండి" ఉన్నా అవతలివాళ్లకి వినపడదు, హుకుం వేసినట్టుంటుంది. ఇంగ్లిష్‌లోనూ ఒకప్పుడు నువ్వు, మీరు తేడా ఉండేది, "దౌ" అనీ "యు" అనీ. 17వ శతాబ్దంలో "దౌ" మామూలు మాటల్లోంచి మెల్లగా జారిపోయింది, చిన్నా పెద్దా అందరికీ "యు" మిగిలింది. కాబట్టి మర్యాద కోసం ఇప్పుడు వాక్యం మొదట్లో చూడాలి. అది ప్రశ్నలా వస్తుంది. "కెన్ ఐ బారో యువర్ పెన్?" "కుడ్ యు సే దట్ అగైన్, ప్లీజ్?" కుడ్ అంటే కెన్‌కి భూతకాలం అని పుస్తకంలో చదివి ఉంటావు. ఇక్కడ కాలంతో పని లేదు, అది ఒక అడుగు వెనక్కి వేసి అడగటం.

ఒక్కో మాటకి ఒక్కో అర్థం కట్టుకుని బట్టీ పట్టకు. మన "పర్లేదు" చూడు. ఎవరైనా థాంక్స్ అంటే పర్లేదు అంటాం, అక్కడ "యు ఆర్ వెల్కమ్." సారీ అంటే పర్లేదు, అక్కడ "దట్స్ ఆల్ రైట్." ఇంకొంచెం కావాలా అంటే పర్లేదు, అది "నో, థాంక్స్." సినిమా ఎలా ఉంది అంటే పర్లేదు, అది "నాట్ బ్యాడ్." డిక్షనరీలో పర్లేదుకి అర్థం వెతికితే ఈ నాలుగూ దొరుకుతాయా? అలాగే "వెళ్లొస్తాను." నా క్లాసులో ఒకమ్మాయి రోజూ గుమ్మంలో నిలబడి "టీచర్, ఐ విల్ గో అండ్ కమ్" అనేది. నాకు ముద్దుగానే ఉండేది కానీ, తెలుగు రానివాళ్లు మళ్లీ వస్తుందేమోనని ఎదురుచూస్తారు. "సీ యు టుమారో" చాలు. "ఐ హావ్ ఎ డౌట్" కూడా మన దగ్గర చెల్లుతుంది. బయట నువ్వు వాళ్ల మాట నమ్మడం లేదనుకుంటారు. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అను.

క్లాసులో నీకు వెంటనే అక్కరకొచ్చేవి కొన్ని రాస్తున్నాను, నోటికి వచ్చేదాకా పైకి అను. "సారీ, ఐ డిడ్ నాట్ క్యాచ్ దట్." "వాట్ డజ్ దిస్ వర్డ్ మీన్?" "కుడ్ యు స్పీక్ ఎ లిటిల్ మోర్ స్లోలీ?" "లెట్ మీ థింక్." ఈ ఆఖరిది బంగారం. జవాబు తట్టనప్పుడు నోరు మూసుకుని నిలబడే బదులు ఇది అంటే నాలుగు క్షణాలు దొరుకుతాయి.

ఉచ్చారణలో ఒకటే చెబుతాను. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు లేనిదే మనకి తోచదు. అందుకే పెన్ పెన్ను అయింది, రోడ్ రోడ్డు అయింది. తెలుగు మాట్లాడేటప్పుడు అవే సరైనవి. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ఆ తోక తెంచెయ్. స్పెల్లింగ్ చూసి పలకొద్దు కూడా. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఆ తర్వాత స్పెల్లింగులు గట్టిపడుతూ వచ్చాయి, నోటి మాట మాత్రం మారిపోతూ పోయింది. నైఫ్ ముందున్న కె ఒకప్పుడు పలికేదే, ఇప్పుడు ఉత్తుత్తినే కూర్చుంది. అందుకని కొత్త మాట కనపడితే ఫోన్‌లో డిక్షనరీ తెరిచి ముందు విను, తర్వాత చదువు.

రోజూ రాత్రి ఐదు వాక్యాలు రాయి, ఆ రోజు నిజంగా జరిగినవే. అందులో ఒకదాన్ని లేదంటూ తిప్పు, ఇంకోదాన్ని ప్రశ్నగా మార్చు. ఐదూ పైకి చదువు, గదిలో ఎవరైనా ఉంటే గొణుగు. ఆదివారం ఆ వారం పేజీలు ఫోటో తీసి నాకు పంపు. రిటైరైనా ఎర్ర పెన్ను పారెయ్యలేదు.

ఉంటాను.
పెద్దమ్మ

తా.క. "నువ్వు మీ నాన్నకి ఎన్నో కొడుకువి?" అన్నది ఇంగ్లిష్‌లో ఎలా అడగాలని మీ స్నేహితులు పందెం వేసుకున్నారన్నావు. "ఎన్నో"కి వాళ్ల దగ్గర సూటిగా మాట లేదు. "ఆర్ యు ద ఎల్డెస్ట్?" అని అడుగు. కాదంటే, "హౌ మెనీ ఓల్డర్ బ్రదర్స్ డు యు హావ్?" వచ్చిన అంకెకి ఒకటి కలుపుకో.